మగ్గాలు ఆగిన పూట

"తలుపు తీస్తావా, గునపం తెమ్మంటావా?"

రుద్రమ్మ గొంతు వీధి చివరి దాకా వినిపించింది. మామూలు రోజయితే ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధిలో ఎవరి గొంతూ పక్కింటికి కూడా చేరదు. ఇంటింటా గుంట మగ్గాలు ఆడుతుంటాయి, ఆ మోతలో తిట్లు తిట్లుగా అందవు. ఈ రోజు అమావాస్య. మగ్గం ముట్టకూడని రోజు. నిన్న దీపాలు పెట్టే వేళకే మగ్గాల్లో నూలు మోసే నాడెలు ఆగిపోయాయి. అందుకని రుద్రమ్మ ఇంటి పోట్లాట వీధి మొత్తానికి అందుతోంది. అరుగుల మీద చేరిన ఆడవాళ్లు కండెలు చుట్టే పని కూడా లేక, చేతులు ఒళ్లో పెట్టుకుని వింటున్నారు.

"తీస్తానత్తా." లోపలి నుంచి శ్రీశైలమ్మ గొంతు నీరసంగా వచ్చింది. "పొద్దు నడినెత్తికి రానీండి. అప్పుడు తీస్తా."

"పొద్దు నెత్తికొస్తే ఏమైతాది? నీ మొగుడు కలెక్టరైతాడా?"

రుద్రమ్మ వెనక్కి తిరిగింది.

"సూసినావా లింగమ్మా, ఆదోని దొరసాని యవ్వారం! పదో తరగతి సదివింది గదా, టైము సూసుకోని తలుపు తీస్తాదంట."

లింగమ్మ కుంపటి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పసిబిడ్డలకు వాతలు పెట్టడంలో చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆ ముసలిదే దిక్కు. అమావాస్యకూ పున్నానికీ తప్ప కడ్డీ ముట్టదు. పొద్దున వచ్చింది. బొగ్గులు ఎర్రబడి, బూడిదై, మళ్లీ వేసిన బొగ్గులు కూడా ఎర్రబడ్డాయి. సన్నటి ఇనుప కడ్డీ వాటి మధ్య నిగనిగలాడుతోంది.

"కడుపు మీద రెండు, మాడు మీద ఒకటి," అంది లింగమ్మ, తనలో తను. "అంతే. రెప్పపాటు పని. ఈ ఇంట్లో ఇది నాకు మొదటి బిడ్డ గూడా కాదు."

"నీ పని నువ్వు సూసుకోవే. పాత సోది ఎవరడిగినారు నిన్ను?" అని రుద్రమ్మ కసిరింది.

లోపల ఉన్న బిడ్డకు ఇంకా నెల నిండలేదు. రొమ్ము అందుకుని రెండు గుక్కలు తాగితే చాలు, నుదురంతా చెమటలు పోసి, డొక్కలు లోపలికి పోయి, పాలు వదిలేసి రొప్పుతాడు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. పోయిన వారం ఆదోని తీసుకుపోతే, డాక్టరు దావీదు ఎక్స్‌రే ఫోటో తీసి, గుండె పెద్దదైపోయింది, పుట్టుకతో వచ్చిన జబ్బు, ఇట్లాంటి బిడ్డలు నిలవరు అన్నాడు. చుక్కల మందు ఒకటి రాసిచ్చాడు. వయసులో ఉన్నారు, ఇంకొకర్ని కనండి అని కూడా అన్నాడు, పగిలిన కుండకు బదులు కుండ కొనుక్కోమన్నట్టు.

అప్పుడే శ్రీశైలమ్మ నోరు విప్పింది. బిడ్డ తలలో ఏదో హోరు వినిపిస్తోంది సార్, చెవి ఆనిస్తే తెలుస్తుంది అని. డాక్టరు నవ్వాడు. ఆయన నవ్వకముందే రుద్రమ్మ నవ్వింది.

"దాని చెవుల్లో మగ్గం కూర్చోనుంది సార్, పట్టించుకోగాకండి."

ఆ మాట డాక్టరుకు ఎంత నచ్చిందంటే, మందుచీటీ రాస్తూ తనూ ఒకసారి అన్నాడు, తలుపు దగ్గర నర్సుకు కూడా చెప్పాడు. రుద్రమ్మ ఆ గొప్పను బస్సులోనే పంచడం మొదలుపెట్టి, వారం రోజులుగా వీధిలో వాడుతూనే ఉంది. ఆదోని డాక్టరు అంతటివాడే నా మాట ఖాయం చేశాడు అని. నిజానికి ఆ మాట ఆమె సొంతం కాదు. అత్తగారి నుంచి వచ్చింది, ఇత్తడి బిందెలతో పాటు.

"ఒరేయ్ మహానందీ!" ఇప్పుడు కొడుకు వైపు తిరిగింది. "నువ్వు మొగోడివేనా? పెండ్లాం తలుపేసుకోని కూర్చుంటే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకోని దిక్కులు సూస్తాండావు."

మహానంది ఆగిన మగ్గం దగ్గర కూర్చుని తెగిన పోగు ఒకటి వేలికి చుట్టుకుంటున్నాడు. "అమావాస్య గదమ్మా, నేయకూడదు," అన్నాడు.

"నేయమన్న్యానా? తలుపు తీపించమన్న్యా!"

"ఆమె పొద్దు నెత్తికొస్తే తీస్తానంటాంది గదా."

"అబ్బ! ఏం తీర్పు సెప్పినావురా!" రుద్రమ్మ చేతులు తిప్పింది. "మీ నాయనకు తగ్గ కొడుకువి. ఆయనేమో సెవులు పోయి వినడు. నీకు సెవులుండీ వినవు."

వీరభద్రప్ప అరుగు మీద బీడీ ముట్టించుకుంటున్నాడు. నలభై ఏళ్లు మగ్గం పలక మోత విన్న చెవులు. తన పేరు వచ్చిందని మాత్రం తెలిసి, భార్య వైపు చూసి మెల్లగా నవ్వాడు. ఆ నవ్వు చూస్తే రుద్రమ్మకు ఒళ్లు మండిపోతుంది. పెళ్లయిన కొత్తలో ఎందుకు మండడం మొదలైందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గడియ తీసిన చప్పుడైంది.

శ్రీశైలమ్మ గడపలో నిలబడింది. బాలింత కట్టు తలకు అలాగే ఉంది. ఒళ్లో బిడ్డ. బిడ్డ మెడలో పుట్టినప్పుడే కట్టిన, తెల్లగుడ్డలో చుట్టిన లింగం, ప్రతి ఊపిరికీ పైకి లేచి పడుతోంది. ఆ లింగం లేవడం చూసి అరుగుల మీది ఆడవాళ్లలో గుసగుసలు ఆగిపోయాయి.

"తే ఇట్ల," అని రుద్రమ్మ చేతులు చాపింది.

"ఇస్తానత్తా. వాత పెట్టించుకోండి, నేనడ్డం రాను. ఒక్క మాట అడుగుతా, దానికి జవాబు చెప్పండి."

"అడుగమ్మా వకీలమ్మా."

"మగ్గం ఆగినాక గూడా చెవిలో మోత పోదు, అమావాస్య మధ్యాన్నానికి గానీ మన చెవులు మనవి కావు అని మీరే అంటారు గదా?"

"అంటా. ఈ వీధిలో అందరూ అంటారు."

"ఇప్పుడు మధ్యాన్నం. మీ చెవుల్లో మగ్గం ఉందా?"

రుద్రమ్మకు ఉచ్చు కనిపించింది. కోడలు పొద్దున్నుంచీ తలుపేసుకుని కూర్చున్నది మొండితనంతో కాదని, తన చెవులు తేటపడేదాకా కాచుకుందని అప్పుడు అర్థమైంది. లేదంటే ఒక చిక్కు, ఉందంటే ఇంకో చిక్కు. చూస్తున్నది ఇంత మంది.

"లేదు," అంది పళ్ల బిగువున.

"అయితే మీ మనవడి తల మీద ఒక్కసారి చెవి పెట్టండి. ఏమీ వినపడకుంటే నేనే పట్టుకుంటా, లింగమ్మవ్వ పెట్టేస్తాది."

"నాటకాలు!" అంది రుద్రమ్మ. కానీ వంగింది. వంగకపోతే భయపడిందనుకుంటారు.

బిడ్డ తల వేడిగా, మెత్తగా ఉంది. ఆముదం వాసన. ముందు చెవికి తన గాజుల చప్పుడే వినిపించింది. గాజులు పైకి తోసుకుని మళ్లీ ఆనించింది.

హో... హో... హో...

చెరువు తూములో నీళ్లు పోయే చప్పుడు లాంటిది. కాకపోతే ఆగి ఆగి వస్తోంది. ఏ మగ్గమూ అంత తొందరగా ఆడదు. రుద్రమ్మ తనకు తెలియకుండానే బిడ్డ మెడ మీద వేలు పెట్టింది. వేలి కింద నాడి ఎగిరినప్పుడల్లా తలలో హోరు లేస్తోంది. రెండూ ఒకటే.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ఏదో ఒకటి చెప్పాలి.

"ఏం వినపడింది రుద్రమ్మా?" అరుగుల మీది నుంచి ఎవరో అడిగారు.

శ్రీశైలమ్మ మాత్రం అడగలేదు. అత్త మెడ నరాలు చూస్తూ నిలబడింది. మహానంది వేలికి చుట్టిన పోగు బిగిసి వేలు తెల్లబడింది.

రుద్రమ్మ నడుం ఎత్తి, ఎవరి మొహమూ చూడకుండా, లింగమ్మ మీద విరుచుకుపడింది.

"ఏమే ముసల్దానా, బుద్ధుందా నీకు? ఊపిరాడని బిడ్డ దగ్గర ఇంత బొగ్గు పొగ పెడతారా ఎవరన్నా? ఆర్పు ఆ కుంపటి!"

"నువ్వే గదమ్మా రమ్మని కబురంపితివి!"

"రమ్మంటే కొంప అంటించమన్న్యానా? లెయ్!"

లింగమ్మ కుంపటి ఆర్పబోతే అది అప్పటికే ఆరి ఉంది. వీరభద్రప్ప ఎప్పుడు లేచాడో, చెంబు బోర్లించి పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ చెవులకు ఏం వినిపించిందో శివుడికే తెలియాలి. వెళ్లబోతూ లింగమ్మ, ఎన్ని మాటలు పడినా, బిడ్డ కాళ్ల మీద తొలగిన గుడ్డను సరిచేసి మరీ పోయింది.

"సూస్తావేమే?" అని రుద్రమ్మ కోడలిని గదిమింది. "సంచి సర్దు. ఆదోని బస్సు పోతాది."

"ఏం వినపడిందత్తా?"

"సర్దమంటే సర్దు!"

* * *

ఆదోని బస్టాండు నుంచి బిడ్డతో ముగ్గురూ యూసుఫ్ సాబ్ జట్కాలో పోయారు. పత్తి బోరేలు దించుతున్న లారీలు దారికి అడ్డంగా ఉంటే, బిడ్డ రొప్పడం చూసిన యూసుఫ్ సాబ్ దిగి, లారీ డ్రైవరును ఉర్దూలో కడిగేసి, గుర్రాన్ని కళ్లెం పట్టుకుని తనే నడిపించాడు. ఎగుడుదిగుడు వచ్చిన చోటల్లా "హల్లూ హల్లూ" అని, మెల్లగా పొమ్మని గుర్రాన్ని బతిమాలాడు.

డాక్టరు దావీదు వీళ్లను చూసి పెన్ను బల్ల మీద పడేశాడు.

"మళ్లీ వచ్చినారా? చెప్పాను కదయ్యా. ఎన్నిసార్లు తెస్తే అన్నిసార్లు గుండె చిన్నదైపోతుందా?"

మహానంది చేతులు కట్టుకున్నాడు. శ్రీశైలమ్మ బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి పక్కకు జరిగింది. మాట్లాడనని నిశ్చయించుకున్నట్టుంది. ఒకసారి మాట్లాడితే ఏమైందో ఆమెకు గుర్తుంది.

రుద్రమ్మే ముందుకు వచ్చింది. "ఆ గొట్టం బిడ్డ తల మీద పెట్టు సార్."

"ఏమిటీ?"

"రొమ్ము మీద పెట్టి విన్న్యావు గదా. అట్లనే తల మీద పెట్టి విను."

డాక్టరు నవ్వాడు. వారం కిందటి నవ్వే. "పెద్దమ్మా, నువ్వే కదా చెప్పింది? చెవుల్లో మగ్గం కూర్చుందని? ఇప్పుడు నీ చెవుల్లోకి కూడా వచ్చి కూర్చుందా?" తలుపు దగ్గరి నర్సు కూడా నవ్వింది. ఆమెకు ఆ మాట వారం కిందటే తెలుసు.

రుద్రమ్మ ముఖం మాడిపోయింది. తను విసిరిన మాట తన మీదికే వచ్చి పడింది, అదీ కోడలి ముందు. ఇంకెప్పుడైనా అయితే కొంగు దులుపుకుని బయటికి పోయేది. కానీ బల్ల మీద ఆ లింగం లేచి పడుతూనే ఉంది, మధ్యాహ్నం కంటే తొందరగా.

"ఆ మాట అన్న్యది నేనే," అంది. "నాకు సదువు లేదు సార్, వాగినా. నీకేం వచ్చింది, ఇంత సదువుకోని నా వాగుడు నువ్వు నమ్మినావు? నా కోడలు సెప్పింది నిజం. నేను విన్న్యా. దాని మాట గాలికి పోయింది, నా మాటన్నా ఇను. పెట్టు."

శ్రీశైలమ్మ తల తిప్పి అత్తను చూసింది. రుద్రమ్మ కోడలి వైపు చూడలేదు.

"సరే, చూద్దాం. మగ్గం ఎట్లా ఆడుతుందో నేనూ వింటా," అని డాక్టరు స్టెతస్కోపు చెవులకు తగిలించుకుని, వినోదానికన్నట్టు దాన్ని బిడ్డ నడినెత్తిన ఆనించాడు.

ఆ వినోదం ఆయన మొహం మీద కొంచెంసేపు మిగిలింది. తరువాత పోయింది.

"ఫ్యాను ఆపు," అన్నాడు నర్సుతో.

ఫ్యాను ఆగింది. కణత మీద పెట్టి విన్నాడు. నుదుటి మీద, చెవి వెనక, మళ్లీ మాడు మీద. చల్లటి బిళ్ల తగిలి బిడ్డ ఉలిక్కిపడితే, దాన్ని తీసి తన అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టి మళ్లీ ఆనించాడు. పోయినసారి ఆ పని చేయలేదు. నుదుటి మీద పొంగిన నీలి నరాలను వేలితో తడిమి, టేపు తెచ్చి తల చుట్టూ కొలిచాడు. పాత గుండె ఫోటోను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టి మళ్లీ చూశాడు.

"సార్?" అన్నాడు మహానంది.

"ఉండవయ్యా." ఆ గొంతులో ఎగతాళి లేదు. కుర్చీలో కూర్చుని, మొహం రుద్దుకున్నాడు. "గుండెలో జబ్బు ఉందనుకున్నా. గుండెలో కాదు. గుండె అలిసిపోయింది, అంతే. తల లోపల రక్తనాళాలు ఒక చోట ముడిపడినట్టున్నాయి. రక్తపు గడ్డలాంటిది కూడా కావచ్చు. ఒళ్లంతటికీ పోవాల్సిన రక్తాన్ని అదే గుంజుకుంటోంది. దానికి పోసీ పోసీ గుండె వాచింది. ఆ హోరు రక్తం పారే చప్పుడు."

"ముడా, గడ్డా సార్?"

"ఇక్కడ తేలదు. చాలా అరుదు ఇది. మా కాలేజీలో ఒక పెద్దాయన చెప్పేవాడు, పసిబిడ్డకు గుండె వాచి కారణం దొరక్కపోతే తల మీద పెట్టి వినండిరా అని. మేం వెనక బెంచీలో నవ్వుకునేవాళ్లం." ఆయన స్టెతస్కోపును బల్ల మీద పెట్టాడు. "మద్రాసులో తలలోకి చూసే మిషను ఉంది. వాళ్లు చూసి చెప్పాలి."

"పోయిన వారం వినుంటే?" అంది శ్రీశైలమ్మ. ఆ రోజు ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

డాక్టరు కాగితం తీసుకుని మద్రాసు డాక్టరుకు ఉత్తరం రాయడం మొదలుపెట్టాడు. రెండు ముక్కలు రాసి, తల ఎత్తకుండానే అడిగాడు. "మీ ఇంట్లో ఇంతకు ముందు ఇదే మాదిరి రొప్పుతూ పోయిన బిడ్డలు ఎవరన్నా ఉన్నారా? ఒక్కో ఇంట్లో రావచ్చు. మద్రాసు వాళ్లకు తెలియడం మంచిది."

"లేదు సార్," అన్నాడు మహానంది.

"ఉండె," అంది రుద్రమ్మ.

మహానంది తల్లి వైపు తిరిగాడు.

"నీకు ముందు. మొగబిడ్డ." ఆమె గోడకు చెబుతున్నట్టు చెప్పింది. "పాలు తాగలేకపోయె. రొప్పుతా ఉండె. లింగమ్మే వాతలు పెట్టింది, అప్పట్లో అది వయసులో ఉండె. మాడు మీద పెట్టినాక ఇంక ఏడవలేదు."

బయట ఎక్కడో జిన్నింగు మిల్లు కూత వేసి ఆగింది.

"అత్తా," అంది శ్రీశైలమ్మ మెల్లగా. "ఆ బిడ్డ తల మీద మీరు చెవి పెట్టినారా?"

"పెట్టినా. తల్లి పెట్టుకోదా?"

"వినపడిందా?"

రుద్రమ్మ తల ఊపింది.

"ఎవరికన్నా చెప్పినారా?"

"మా అత్తకు సెప్పినా. మీ మామ అక్కడే ఉండె."

"ఏమన్న్యారు?"

రుద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పనక్కరలేదు. ఆ జవాబు శ్రీశైలమ్మకు తెలుసు. వారం రోజులుగా వీధంతా విన్న మాటే అది. మామ ఏం చేసి ఉంటాడో కూడా తెలుసు. మెల్లగా నవ్వి ఉంటాడు.

డాక్టరు ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టాడు. "మద్రాసు మెయిలు సాయంత్రం ఉంది. ఒక సంగతి చెప్తాను, తరువాత నన్ననొద్దు. రైల్లోనే ప్రాణం పోవచ్చు. అక్కడికి చేరినా, తల తెరిచి ముడి కట్టేసే వాళ్లు తక్కువ. తెరిచిన తరువాత నిలిచే బిడ్డలు ఇంకా తక్కువ. ఇంటికి తీసుకుపోతే తల్లి ఒళ్లో ఉంటాడు, ఉన్నన్ని రోజులు. పొమ్మని నేను చెప్పలేను. వద్దనీ చెప్పలేను. మీరే తేల్చుకోండి."

మహానంది ఎప్పటిలాగే తల్లి మొహంలోకి చూశాడు.

"నన్నేం సూస్తావురా?" అని రుద్రమ్మ ఎప్పటికంటే కఠినంగా కసిరింది. "మా సెవులు, మా నోర్లు ఒక బిడ్డను మింగినాయి. సాలు. దాన్నడుగు."

మహానంది భార్య వైపు తిరిగాడు. డాక్టరు కూడా తిరిగాడు.

శ్రీశైలమ్మ బల్ల మీది బిడ్డను ఎత్తుకుని, ఆ చిన్న తలను చెంపకు ఆనించుకుని, కళ్లు మూసుకుని వింటూ నిలబడింది.